ఎడమకాలి చప్పుడు

పిల్లలకు ఏది అబ్బుతుందో వాళ్ళ నోటిని అడిగితే తెలియదు, చేతుల్ని చూడాలి. ఇది వెర్నా పెల్టో నమ్మకం. ఉత్తరాన ఇనుప గనుల ఊళ్ళో ఉన్న ఆ హైస్కూల్లో ఆమె కౌన్సిలర్. బడి వదిలాక ఎవరు ఏ జట్టులో, ఏ క్లబ్బులో చేరితే బాగుంటుందో చెప్పడం ఆమె పని. తల్లిదండ్రులు ఒకటంటారు, పిల్లలు ఇంకొకటంటారు, చేతులు మూడోది చెబుతాయి. మాటకారి అని డిబేట్‌కు పంపిన కుర్రాడు బల్ల కింద తీగలు మెలిపెడుతూ కనబడితే, పట్టుకెళ్ళి రోబోల క్లబ్బులో పడేసింది ఆవిడే.

టెస్సా ముహిచ్ విషయంలో మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు. ఆ ఊళ్ళో ఐస్ హాకీ చొక్కా మీది నంబరు పొలం లాంటిది. ఇంట్లోంచి బయటకు పోదు. ముప్ఫై ఒకటి తాతది, తర్వాత నాన్నది, ఆ తర్వాత అన్న ఆంటన్‌ది. పోయిన ఫిబ్రవరిలో మంచు రోడ్డు మీద కారు జారి ఆంటన్ చచ్చిపోయాడు. నవంబరు వచ్చేసరికి ఆ చొక్కా, గోల్‌కీపర్ కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు, ముఖాన్ని కప్పే ముసుగు, అన్నీ పదహారేళ్ళ టెస్సాకు చేరాయి. నీకు ఇష్టమేనా అని ఆ పిల్లను అడగడం ఎవరికీ తోచలేదు.

అమ్మాయిల జట్టు సాధన చూద్దామని ఒక సాయంత్రం వెర్నా మంచు పరచిన రింకుకు వెళ్ళింది.

"చూశావా వెర్నా? అచ్చు వాడే," అన్నాడు కోచ్ బక్. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు.

నిజంగానే వాడే. భుజాలు దించి నిలబడడం, కర్రతో గోలు స్తంభాలను ఇటొకసారి అటొకసారి తట్టడం, అంతా చచ్చిపోయిన కుర్రాడిదే.  మూడో వరసలో టెస్సా తల్లి డోరిన్ ఒక్కతే కూర్చుని ఉంది. చేతిలో కాఫీ తాగకుండానే చల్లారిపోయింది. చూపు గోలు మీదే ఉంది, పెదవులు కదులుతున్నాయి. పక్కన ఎవరూ లేరు.

వరసగా మూడు గోల్స్ పడ్డాయి.

"కళ్ళు మూసుకుంటోందే ఈ పిల్ల! ఏం చేసుకోను దీన్ని?" అని గొణిగి, బక్ గొంతెత్తాడు. "ఆంటన్! కళ్ళు తెరువు!"

అరిచాక నాలుక కరుచుకున్నాడు. మంచు మీద జారుతున్న పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. గోలులో ఉన్న ముసుగు మాత్రం, ఆ పేరు తనదే అన్నట్టు, బుద్ధిగా తల ఊపింది.

ఆ రాత్రి వెర్నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మర్నాడు టెస్సాను గదికి పిలిచింది. పిల్ల వచ్చి కూర్చుంది. చేతులు ఒళ్ళో ప్రాణం లేనట్టు పడి ఉన్నాయి. వెర్నా ఎంతసేపు చూసినా అవి ఏమీ చెప్పలేదు.

"మేడం, మీ హీటర్లో ఒక మర వదులైంది," అంది టెస్సా ఉన్నట్టుండి.

"నాకేం వినబడట్లేదే!"

"రెండు మరలు ఉన్నాయి, ఎడమది. ఇప్పుడు తలుపు బయట పోతున్నది మా క్లాసు కెర్రీ. కొత్త బూట్లు కొనుక్కుంది, ఒక అంగుళం పెద్దవి."

వెర్నా లేచి తలుపు తీసింది. వరండాలో కెర్రీ, కాళ్ళకు కొత్త బూట్లు. తలుపు మూసి వచ్చి కూర్చుంది. ఇన్నాళ్ళూ తను చేతుల్నే చూసింది, ఈ పిల్లకు ఉన్నదంతా చెవుల్లో ఉంది.

"గోలులో కళ్ళెందుకు మూసుకుంటావు తల్లీ?"

"వినడానికి." అంది టెస్సా. "అన్నకు చిన్నప్పుడు ఎడమ మడమ విరిగింది. అందుకే మంచు మీద ఎడమ స్కేటు బ్లేడు ఈడ్చేవాడు. గీ... టక్. గీ... టక్. నేను గోలులో ఉంటే వెనక వినబడుతుంది."

"ఇప్పుడూ?"

"రోజూ."

 వెర్నా తనకు తెలిసిన పనే చేసింది. డిసెంబరు నాటకానికి తెర వెనక చప్పుళ్ళు చేసేవాళ్ళు కావాలి, గాలి, తలుపు, గుర్రం, అన్నీ చేత్తోనే చేయాలి, అందులో చేరతావా అని అడిగింది. మొదటిసారి ఆ పిల్ల వేళ్ళు కదిలాయి. వెంటనే మళ్ళీ ఆగిపోయాయి.

"నాటకం సాధన, హాకీ సాధన ఒకే వేళకు కదా. నేను ముసుగు తీసేస్తే అమ్మకు వాడు మళ్ళీ పోతాడు మేడం."

ఆ మాట తల్లితో మాట్లాడితే తప్ప తేలదని వెర్నా వాళ్ళింటికి వెళ్ళింది. డోరిన్ వాల్‌నట్ రొట్టె కోసి పెట్టింది, కాఫీ పోసింది. విషయం వినగానే కత్తి కింద పెట్టేసింది.

"దానికి ఇష్టమే. అదెప్పుడూ కాదనలేదు."

"అవుననీ అనలేదు డోరిన్."

"నీకు పిల్లలు లేరు వెర్నా, ఏమనుకోకు. ఆ ముసుగు వెనక గంటన్నర సేపు నా కొడుకు ఉంటాడు. ఇంటికొచ్చి ముసుగు తీస్తే పోతాడు. ఆ గంటన్నర కూడా లాగేసుకుంటావా?"

"మరి ముసుగు తీశాక కనబడే పిల్ల?"

డోరిన్ కుర్చీ పక్కకు తిప్పుకుంది. కిటికీలోంచి బయటి మంచును చూస్తూ కూర్చుంది. వెర్నా రొట్టె ముట్టకుండానే లేచి వచ్చేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటు వేసినట్టయిందని దారంతా తన్ను తానే తిట్టుకుంది.

ఆ వారమే టెస్సా చొక్కా మడతపెట్టి బక్ చేతిలో పెట్టింది. ఎవరూ చెప్పకుండా తనే తేల్చుకుంది. ఊరు గుసగుసలాడింది. డోరిన్ కూతురితో మాట్లాడడం మానేసింది. వంట చేసి పెడుతుంది, పళ్ళెం ముందుకు తోస్తుంది, అంతే. అయినా టెస్సా రోజూ నాటకం సాధనకు వచ్చింది. తెర పక్కన ఆమె చేతులు రేకుతో ఉరుము పుట్టించాయి, ఇసుకతో వాన కురిపించాయి. చూస్తుంటే వెర్నాకు కడుపు నిండేది, ఆ వెంటనే డోరిన్ గుర్తొచ్చి మనసు చివుక్కుమనేది.

నాటకం రోజు హాలు నిండింది. దీపాలు ఆర్పేముందు వెర్నా వెనక్కి తిరిగి చూసింది. చిట్టచివరి వరసలో కోటు కూడా విప్పకుండా డోరిన్ కూర్చుని ఉంది.

రెండో అంకంలో గడ్డకట్టిన సరస్సు. వేదిక మీద ఒక ముసలామె లాంతరు పట్టుకుని నిలబడింది. అవతలి ఒడ్డు నుంచి ఎవరో వస్తున్నట్టు చప్పుడు చేయాలి, అంతే. మామూలు అడుగుల చప్పుడు చాలని నాటకం మాస్టారు చెప్పాడు. టెస్సా తెర పక్కన ట్రేలో మంచు గడ్డ పెట్టుకుంది. దాని మీద స్కేటు బ్లేడు ఆనించింది. అది ఆంటన్ ఎడమకాలి స్కేటు.

గీ... టక్.

హాల్లో కొందరు ఆ చప్పుడు ఎవరిదో గుర్తుపట్టి తలలు తిప్పారు. హాకీ చూసి పెరిగిన ఊరు అది. బక్ తల వంచుకున్నాడు.

గీ... టక్. గీ... టక్. చీకట్లో ఒక కుర్రాడు సరస్సు దాటి వస్తున్నాడు. దగ్గరికి వచ్చాడు, ఒక్క క్షణం ఆగాడు, ముసలామె పక్కనుంచి దాటి, మెల్లగా దూరమైపోయాడు. చివరి వరసలో డోరిన్ లేచి నిలబడింది. వాడు వెళ్ళిపోయేంతవరకూ అలాగే నిలబడింది.

నాటకం అయ్యాక ఆమె తెర వెనక్కి వచ్చింది. టెస్సా ఇంకా ట్రే ముందే మోకాళ్ళ మీద ఉంది. చేతులు చలికి ఎర్రబడ్డాయి, జుట్టు ముఖాన పడింది.

"ఇంకొక్కసారి చెయ్యవే," అంది డోరిన్.  "ఒక్కసారి. వాడిని వెనక్కి రప్పించు."

టెస్సా బ్లేడు వైపు చూసింది.  ఈ పిల్ల ఒక్క గీత గీసిందంటే మళ్ళీ ముసుగు తొడుక్కున్నట్టే అనుకుంది వెర్నా.

"లేదమ్మా," అంది టెస్సా. "మంచు కరిగిపోయింది." ఏడుస్తూనే చెప్పింది. "రేపూ నాటకం ఉంది. రా. కానీ నన్ను చూడ్డానికి రా."

డోరిన్ చాలాసేపు కూతురి ముఖంలోకి చూసింది, ఎన్నో నెలల తర్వాత ఊరి నుంచి తిరిగొచ్చిన పిల్లను చూసినట్టు. తర్వాత కింద కూర్చుని, ఎర్రబడ్డ ఆ చేతులు రెండూ తన కోటు లోపల పెట్టుకుంది.

"టెస్సా," అంది. "ఎంత చల్లగా ఉన్నాయే నీ చేతులు."