గని నీళ్ళలో నేర్పిన ఈత

ముందుగా చదివేవాళ్ళు నన్ను మన్నించాలి. ఒత్తులు ఎక్కడ పడాలో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు. ఒక పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. అరవై దాటినాక, నా మనవరాలు రెండో తరగతి చదివేటప్పుడు, దాని వాచకం పక్కన కూర్చొని అక్షరాలు దిద్దినదాన్ని. నోటితో చెప్పే పనైతే ఇంత కష్టపడేదాన్ని కాదు. నోటితో చెప్పాల్సిన రోజు చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

మాది బేతంచెర్ల. నా కూతురు పవిత్ర బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తుంది. అల్లుడు వీరేంద్ర లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. నేను వాళ్ళ దగ్గరే ఉంటాను. మా ఇల్లు ఫ్యాక్టరీ గోడకు ఆనుకొనే ఉంది. పొద్దున ఊడ్చిన అరుగు మీద మధ్యాహ్నానికి కాలు పెడితే అడుగు అచ్చు పడుతుంది. బియ్యంలో దుమ్ము, మంచినీళ్ళలో దుమ్ము, కనురెప్పల మీద దుమ్ము. మనవరాలు శివలీలకు నాలుగేళ్ళప్పటి నుంచి దగ్గు, ఆయాసం. రాత్రయితే దాని ఛాతీలో పిల్లి గురక పెట్టినట్టు వినిపించేది.

నంద్యాల డాక్టరు మందులు రాసిచ్చి, "ఎన్ని మందులు వేసినా ఇంతేనమ్మా. పిల్లను ఆ దుమ్ములో నుంచి బయటికి పంపించండి" అన్నాడు.

పంపించడానికి మాకు ఇంకో ఊరు లేదు, ఇంకో పనీ రాదు.

ఈ ఏడు సంక్రాంతి సెలవులు అయిపోయినాక బడిలో ఆటల సారు యేసుప్రసాద్ ఇంటికి వచ్చినాడు. కడపలో కొత్తగా ఈతకొలను కట్టినారంట. తొమ్మిదేళ్ళు నిండని పిల్లల్ని పన్నెండు మందిని ఏరి జట్టు తయారు చేస్తారంట. ఎంపికైతే హాస్టలు, బడి, తిండి అన్నీ వాళ్ళవే. మే నెలలో ఎంపిక. శివలీలకు ఆగస్టుకు తొమ్మిది నిండుతాయి. అంటే దానికి ఈ ఒక్కసారే.

"ఈ పిల్ల కాళ్ళూ చేతులూ పొడుగు. ఈత వస్తే ఆయాసానికి కూడా మంచిది" అన్నాడు సారు.

పవిత్ర నవ్వింది. "తాగే నీళ్ళకే బిందెలు పెట్టి కొట్టుకుంటాండాం సారూ. ఈతకు నీళ్ళు యాడ? నేర్పేవాళ్ళు యాడ?"

"నేను నేర్పిస్తా" అన్నాను.

పవిత్ర నవ్వు ఆపి నా వైపు తిరిగింది. వాళ్ళ నాయన పోయినాక పంతొమ్మిదేళ్ళుగా నేను నీళ్ళ దగ్గరికే పోలేదు.

నా పుట్టిల్లు బనగానపల్లె దగ్గర. మా నాయన మామిడితోటకు నీళ్ళు కట్టే కూలి. తోట బావిలో ఈదుతూనే పెరిగినాను. నా మొగుడు బసవన్నకు కూడా ఈత బాగా వచ్చు. ఒక వానాకాలం గని గుంతలో నీళ్ళు నిండితే ఆయనతో పనిచేసే మనిషి జారి పడినాడు. ఈయన దూకినాడు. మునిగేవాడు ఈయన మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ పైకి రాలేదు. మరుసటి రోజు తీసినప్పుడు ఆ చేతులు మెడ మీద నుంచి విడిపించడానికి నలుగురు పట్టాల్సి వచ్చింది. అది నేను చూసినాను.

అయినా పిల్లకు ఊపిరి కావాలి. ఫిబ్రవరిలో మొదలుపెట్టినాం.

ఊరి బయట వదిలేసిన గని ఒకటి ఉంది. దాంట్లో ఏడాదంతా నీళ్ళుంటాయి, ఒక పక్క మెట్లలాగా బండలున్నాయి. నీళ్ళలో తేలే ఎండు మునగ బెండ్లు తాడుకు గుచ్చి పిల్ల వీపుకు కట్టినాను. మా నాయన నాకు నేర్పినట్టే, వారానికి ఒక బెండు తీసేస్తూ వచ్చినాను. నేను చీర గోచి పెట్టి దిగేదాన్ని.

మేము పోతాంటే పక్కింటి వెంకటలక్ష్మమ్మ ఊరుకునేది కాదు. "ఏం చౌడమ్మా, ఈ వయసులో చేపలు పట్టను పోతాండావా?"

"పట్టను కాదు వదినా, ఒక చేపను తయారు చేయను పోతాండా."

"ముసలి కొంగ నేర్పిస్తే చేప ఎట్లా అయితాది?" అని అది నవ్వేది. శివలీల కూడా నవ్వేది.

బెండ్లన్నీ పోయినాక యేసుప్రసాద్ సారు ఆదివారాలు వచ్చేవాడు. గనికి అడ్డంగా తాడు కట్టి ఇరవై ఐదు మీటర్లు కొలిచినాడు. పోయి రావాలి. గట్టు మీద నిలబడి గడియారం చూసేవాడు. మేము బావిలో తల పైకెత్తి ఈదేవాళ్ళం. ఆయన ఫోన్లో పెద్ద ఈతగాళ్ళను చూపించి ముఖం నీళ్ళలో పెట్టాలన్నాడు.

"ముఖం ముంచితే దారి యాడ కనపడుతుంది సారూ?" అన్నాను.

"కొలనులో అడుగున నల్లగీత ఉంటాదవ్వా. దాన్ని చూసుకుంటా పోవడమే."

"గని నీళ్ళలో అడుగు చూసినోళ్ళు ఎవరూ తిరిగి రాలేదు" అన్నాను. కానీ పిల్ల నాలుగు రోజుల్లో ఆ ఈత పట్టేసింది. చెయ్యి వేస్తే నీళ్ళు కోసినట్టు పోయేది. మార్చి నెలంతా అది దగ్గలేదు. పవిత్ర రాత్రి పూట దాని ఛాతీ మీద చెవి పెట్టి విని, నా వైపు చూసి పడుకునేది.

అప్పుడు నేను ఇంకొకటి నేర్పించినాను. అది సారుకు తెలీదు. ఆయన రాని రోజుల్లో నేర్పించినాను.

నేను నీళ్ళలో మధ్యకు పోయి చేతులు కొట్టుకునేదాన్ని. "మునుగుతాండా లీలా! మునుగుతాండా!" అని అరిచేదాన్ని. మొదటి రోజు అది ఏడ్చుకుంటూ నా మీదికి వచ్చేసింది. బండ మీదికి లాక్కొచ్చి చెంప మీద కొట్టినాను.

"పక్కన ఎవరైనా తన్నుకులాడితే ఏం చేయాల?"

"గట్టుకు పోవాల."

"పోయి?"

"రాయి పట్టుకోవాల."

"ఎవరైనా సరే. అవ్వనైనా సరే. చెయ్యి ఇయ్యకూడదు. గట్టున పడినాకనే అరవాల. చెప్పు."

చెప్పింది. పదిసార్లు చెప్పించినాను. మరుసటి రోజు మళ్ళీ అరిచినాను. అది ఆగింది, నా వైపు చూసింది, ఏడ్చింది, కానీ గట్టుకు పోయింది. వారం తిరిగేలోగా ఏడుపు పోయింది. నెల తిరిగేలోగా, నీళ్ళ చప్పుడు మారితే చాలు, దాని ఒళ్ళు దానంతట అదే గట్టు వైపు తిరిగేది. నాకు ఆ రోజు కడుపు నిండిపోయింది. ఈ పిల్లను ఎవరూ మెడ పట్టుకొని లాగలేరు అనుకున్నాను.

ఎంపిక రోజు పవిత్రకు సెలవు దొరకలేదు. నేనూ పిల్లా తెల్లవారు బస్సెక్కినాం. బనగానపల్లెలో మామిడికాయల గంపలు ఎక్కించినారు. దారంతా వాటి వాసనే. శివలీల ఈత డ్రస్సు గౌను లోపల వేసుకొనే వచ్చింది, మార్చుకునే గది ఉంటుందో లేదో అని.

కొలను చూసి పిల్ల నోరు తెరిచింది. "అవ్వా, అడుగు కనపడతాండాది! గీత కూడా ఉండాది!"

"ఉంటే ఉండనీ. నీ పాటికి నువ్వు పో."

పిల్లలు ఓ ముప్పై మంది. తల్లిదండ్రులు ఒక పక్క కుర్చీల్లో కూర్చున్నారు. జట్టు తయారు చేసే సారు పేరు రాఘవేంద్రప్రసాద్. మెడలో ఈల, చేతిలో కాగితాలు, మెత్తగా మాట్లాడే మనిషి. ఆరుగురు పిల్లల్ని ఒకసారి దించుతున్నాడు. మధ్యలో తాళ్ళు కట్టి వరుసలు చేసినారు. శివలీలకు గోడ పక్క వరుస వచ్చింది. దాని పక్క వరుసలో ఒక బొద్దు పిల్ల.

ఈల ఊదగానే దూకినారు. నాకు చూపు సరిగా ఆనలేదు, కళ్ళలో నీళ్ళు. కానీ మా పిల్ల ముందున్నది మాత్రం కనిపించింది. అవతలి గోడ ముట్టుకొని తిరిగినప్పుడు దాని వెనక ఇంకా రెండు బారల దూరంలో ఉన్నారు మిగతావాళ్ళు. యేసుప్రసాద్ సారు గడియారంతో ఉంటే ఎంత ఎగిరేవాడో.

తిరిగి వచ్చేటప్పుడు, ఎదురుగా వస్తున్న బొద్దు పిల్ల అలిసిపోయింది. నీళ్ళు మింగిందో ఏమో, ఈత మరిచి చేతులతో నీళ్ళను బాదింది. తాడు ఊగింది. మునిగేది కాదు అది. తాడు పక్కనే ఉంది, గట్టు మీద ఇద్దరు మనుషులున్నారు. కానీ చప్పుడు మారింది.

శివలీల ఆగిపోయింది. గోడ వైపు తిరిగింది. రెండు బారలు వేసి గోడ అంచు గట్టిగా పట్టుకొని, "సార్! సార్! ఆ పిల్ల!" అని అరిచింది. తర్వాత నా కోసం వెతికింది. నేను కనిపించగానే నవ్వింది. నేను చెప్పినట్టే చేసినానని నవ్వింది.

మిగతావాళ్ళు దాన్ని దాటుకొని పోయినారు. బొద్దు పిల్ల కూడా తాడు పట్టుకొని, దగ్గి, మళ్ళీ ఈది చివరికి చేరింది.

రాఘవేంద్రప్రసాద్ సారు గట్టు మీద గొంతుక్కూర్చొని అడిగినాడు. "ఏమైంది పాపా? కాలు పట్టేసిందా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మరి ఎందుకు ఆగిపోయినావు? భయమేసిందా?"

పిల్ల నా వైపు చూసింది. చెప్పమన్నట్టు చూసింది. కుర్చీల్లో ఎవరో అన్నారు, "పాపం, ఇన్ని నీళ్ళు ఒక్కచోట ఎప్పుడు చూసుంటాదిలే."

సారు లేచి నా దగ్గరికి వచ్చినాడు. "అవ్వా, మొదటి సగం ఇంత బాగా ఈదిన పిల్లను నేను ఈ రోజు చూడలేదు. నిజం చెప్పు. ఈ పిల్లకు నీళ్ళంటే భయం ఉండాదా?"

నా పక్కనే బొద్దు పిల్ల తల్లి నిలబడి ఉంది. తువ్వాలు చుట్టి బిడ్డ తల తుడుస్తూ, వీపు నిమురుతూ ఉంది. ఆమె ముందర ఎట్లా చెప్పేది? నీ బిడ్డ మునిగిపోతాంటే చెయ్యి ఇవ్వకుండా పక్కకు పొమ్మని నేనే కొట్టి నేర్పించినాను అని ఎట్లా చెప్పేది? ముప్పై ఇళ్ళ వాళ్ళు వింటున్నారు. నా కాళ్ళకు చెప్పులు కూడా సరిగా లేవు.

"ఉండొచ్చు సార్" అన్నాను.

ఆయన తల ఊపి, కాగితం మీద ఏదో రాసి, బల్ల మీద పెట్టి పోయినాడు. నేను వంగి చదివినాను. కూడబలుక్కొని చదివినాను. శివలీల పేరు ఎదురుగా "నీళ్ళ భయం. వద్దు" అని ఉంది.

బస్సులో పిల్ల నా ఒడిలో తల పెట్టింది. "నేను చేసింది సరిగ్గానే ఉండాదా అవ్వా?"

"సరిగ్గానే ఉండాది. పడుకో."

"మరి మనల్ని ఎందుకు పొమ్మన్నారు?"

బనగానపల్లె వచ్చేదాకా నేను నిద్రపోయినట్టు కళ్ళు మూసుకున్నాను.

పవిత్ర ఆ రోజు అన్నం తినలేదు. పిల్లను ఏమీ అనలేదు కానీ మూడో రోజు ఆపుకోలేకపోయింది. "అంత దూరం పోయి, అన్ని దినాలు నేర్చుకొని, భయపడి గోడ పట్టుకున్నావా నువ్వు?" అనింది. శివలీల నన్ను చూసింది. నేను పొయ్యిలోకి చూసినాను. అప్పుడూ చెప్పలేదు.

మూడు వారాలు గడిచినాక ఎవరికీ చెప్పకుండా ఒక్కదాన్నే కడపకు పోయినాను. రాఘవేంద్రప్రసాద్ సారును గేటు దగ్గర పట్టుకొని అంతా చెప్పినాను. బసవన్న సంగతి, గని సంగతి, చెంపదెబ్బ సంగతి. ఆయన ఈల చేత్తో తిప్పుతూ విన్నాడు.

"ఆ రోజే ఈ మాట చెప్పింటే మళ్ళీ ఒకసారి దూకించేవాణ్ణి అవ్వా. అడిగింది అందుకే. ఇప్పుడు పన్నెండు మందీ వచ్చేసినారు."

"వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు వయసు దాటిపోతాది." కొంచెం ఆగి, "ఆ పిల్లకైనా చెప్పు, అది భయం కాదని" అన్నాడు.

వానలు పడినాయి. బడి తెరిచినారు. యేసుప్రసాద్ సారు ఎవరితోనో ఏమో అన్నాడు, అది పిల్లల దాకా పోయింది. "గోడ పట్టుకున్న లీల" అని పిలుస్తున్నారంట. ఫ్యాక్టరీలో కొత్త మిషను పెట్టినారు. దగ్గు మళ్ళీ వచ్చింది, ఈసారి పగలు కూడా.

పోయిన ఆదివారం ధైర్యం చేసి అడిగినాను. "లీలా, గనికి పోదాం రా. ఊరికే కాసేపు."

"నేను రాను."

"ఎందుకు తల్లీ?"

"నాకు నీళ్ళంటే భయం."

"నీకు భయం లేదు. నాకు తెలుసు. నీకు ఏ భయమూ లేదు."

అది వాచకంలో నుంచి తల ఎత్తలేదు. కసురుకోలేదు, ఏడ్వలేదు. "నువ్వే చెప్పినావు కదవ్వా సారుకు" అనింది.

కడప గేటు దగ్గర చెప్పినదంతా దానికి చెప్పినాను. వింది. విని, "సరే అవ్వా" అని పేజీ తిప్పింది. నమ్మలేదు. పెద్దవాళ్ళు పిల్లల్ని ఊరడించడానికి ఏమైనా చెప్తారని దానికి ఇప్పుడు తెలుసు. ఇన్హేలరు ఒకసారి పీల్చి, మళ్ళీ చదువుకుంది.

పవిత్రకు ఇంకా తెలీదు. ఈ కాగితాలు రేపు పని నుంచి వచ్చినాక తన చేతికి ఇస్తాను. చదివి నన్ను ఇంట్లో ఉండనిస్తుందో లేదో తెలీదు. ఉండనిచ్చినా ఆ పన్నెండు మందిలో మా పిల్ల ఉండదు.

చౌడమ్మ, అరవై నాలుగేళ్ళు, బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీ గోడ వెనక ఇల్లు.