వ్యక్తిగత కారణాల వల్ల

తూకపు యంత్రాలు తయారుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ తూకాలక్క అనేవాళ్లు. పందొమ్మిదేళ్లుగా పరీక్ష గదిలో ఆమెదే ఆఖరి మాట. యంత్రం పళ్లెంలో ఒకే తూకపు రాయిని నాలుగు మూలలా పెట్టి చూసేది. నాలుగుసార్లూ ఒకే అంకె రావాలి. ఒక్క మూల ఒక్క గ్రాము తేడా వచ్చినా ఆ యంత్రం వెనక్కి పోవాల్సిందే. గాలికి అంకె కదులుతుందని ఆ గదిలో ఫ్యాను పెట్టలేదు. చేతి చెమట అంటితే బరువు మారుతుందని చిన్న రాళ్లను పట్టకారుతో ఎత్తేది. ఎండాకాలంలో ఆ గదిలోంచి బయటికొస్తే తలస్నానం చేసి వచ్చినట్టుండేది. అయినా ఇంకో చోటికి మార్చమని ఏనాడూ అడగలేదు.

కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానులు పరీక్షలన్నీ దానంతటదే చేసే యంత్రమొకటి తెప్పించారు. పాతవాళ్లలో పదకొండు మందిని వదిలించుకోవాలనుకున్నారు. తీసేస్తే కార్మిక శాఖకు చెప్పాలి, కారణం రాయాలి, పరిహారం ఇవ్వాలి. వాళ్లంతట వాళ్లే పోతే ఈ గొడవేదీ ఉండదు. పొమ్మనలేక పొగబెట్టడమని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఆ పొగబెట్టే పని హెచ్చార్ మేనేజరుకు అప్పజెప్పారు. మనిషి మర్యాదస్తుడు. గొంతు పెంచడు, మొహం మీద నవ్వు చెరగనివ్వడు.

"కూర్చోండి మేడమ్. ఆరోగ్యం ఎలా ఉంది? ఈ వయసులో మీకెందుకండీ ఇంత ఒత్తిడి?" అన్నాడు మొదటిసారి పిలిచినప్పుడు.

"నాకు నలభై ఆరండీ. ఒత్తిడేం లేదు."

"మీ మంచికే చెప్తున్నా. చిన్న ఉత్తరం ఒకటి ఇచ్చేస్తే గౌరవంగా వెళ్లిపోవచ్చు. మంచి సర్టిఫికెట్ రాసిస్తాం."

"నన్ను వెళ్లిపొమ్మంటున్నారా?"

"అయ్యో, ఆ మాట నేనెందుకంటాను మేడమ్?"

మర్నాడు ఆమె వచ్చేసరికి పరీక్ష గదికి తాళం వేసి ఉంది. సామాన్ల గదిలో ఓ మూల గోడకు ఎదురుగా బల్ల, కుర్చీ వేశారు. పని ఏమిటని అడిగితే చెప్తాం అన్నారు. గంటగంటకూ ఏం చేసిందో రాయమని ఒక ఫారం మాత్రం ఇచ్చారు. తొమ్మిది నుంచి పది వరకు: పని అడిగాను, ఇవ్వలేదు. పది నుంచి పదకొండు వరకు: మళ్లీ అడిగాను, ఇవ్వలేదు. ఆమె అలాగే రాసింది. నెల తిరక్కుండా ఒక హెచ్చరిక వచ్చింది. ఉద్యోగికి పని మీద ఆసక్తి లేదట.

తర్వాత ఫిర్యాదుల ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ కంప్యూటర్ ఎలా వాడాలో ఎవరూ నేర్పలేదు. మూడు రోజుల్లో రెండు తప్పులు చేసింది. రెండో హెచ్చరిక ఇచ్చి, మళ్లీ గోడ ముందుకే పంపారు.

ఈలోగా ఒక్కొక్కరే సంతకాలు పెట్టేస్తున్నారు. రంగుల విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసిన పెద్దాయన్ని అందరూ రంగుల బాబాయి అనేవాళ్లు. ఆయన వెళ్తూ ఆమె బల్ల దగ్గర ఆగాడు.

"రోజంతా ఖాళీ డబ్బాలు లెక్కపెట్టిస్తున్నారమ్మాయ్. అయిపోతే మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టమంటారు. నావల్ల కాలేదు."

"ఏమని రాశారు బాబాయ్?"

"వాళ్లు చెప్పిందే. వ్యక్తిగత కారణాల వల్ల అని."

అందరి ఉత్తరాల్లోనూ అదే మాట.

పగలంతా మింగిన కోపం ఇంటికొచ్చాక బయటపడేది. భర్త స్కూలు బస్సు నడుపుతాడు. నెమ్మది మనిషి. చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడిచాడని ఓ సాయంత్రం అరగంట సాధించింది. "అంత కష్టంగా ఉంటే మానెయ్యరాదూ. ఆ చూరు పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతావు?" అన్నాడతను. దాంతో మరింత మండిపడింది. అప్పుడు కూతురు పుస్తకంలోంచి తలెత్తి, "అమ్మా, ఆఫీసులో అనాల్సినవి మాకు అంటున్నావు" అంది.

ఆమె లేచింది. పిల్ల నోట్‌బుక్కులోంచే ఒక కాగితం చింపుకుని కూర్చుని రాసింది.

పొద్దున్నే దాన్ని మేనేజరు బల్ల మీద పెట్టింది. రాజీనామా అన్న మాట చూడగానే అతని మొహం విప్పారింది. చదువుతున్నకొద్దీ ముడుచుకుపోయింది. అందులో ఇలా ఉంది: "నన్ను పరీక్ష గది నుంచి తప్పించి, పధ్నాలుగు వారాలుగా పని ఇవ్వకుండా గోడ ముందు కూర్చోబెట్టి, పొమ్మని నోటితో అనకుండా పొమ్మంటున్నారు కాబట్టి రాజీనామా చేస్తున్నాను."

"ఇలా కాదు మేడమ్. వ్యక్తిగత కారణాల వల్ల అని రాయాలి."

"ఇందులో నా వ్యక్తిగతం ఏముందండీ?"

"ఇది నేను తీసుకోలేను."

"మీరు అడిగిందేగా ఇచ్చాను."

అతను కాగితాన్ని వేలితో ఆమె వైపు జరిపాడు. తపాలా తీసుకునే గుమస్తా కూడా అందినట్టు ముద్ర వేయనన్నాడు.

ఆమె ఆడపడుచు రిజిస్ట్రేషన్ ఆఫీసులో టైపిస్టు. కాగితాల సంగతి బాగా తెలిసిన మనిషి. విషయం విని, "రిజిస్టరు పోస్టులో పంపు వదినా. వాళ్లు వద్దన్నా, వద్దన్నట్టు కవరు మీద ముద్ర పడుతుంది" అంది. ఆమె అలాగే మూడు ఉత్తరాలు పంపింది. ఒక్కోటీ ముందుదానికన్నా పెద్దది. మూడూ తీసుకోలేదన్న ముద్రతో తిరిగొచ్చాయి. ఉండనివ్వరు, పోనివ్వరు. ఉద్యోగం మానడానికి కూడా ఇంత కష్టపడాలా అని ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఆ పై సోమవారం గేటు దగ్గర ఆమె కార్డు పనిచేయలేదు.

"లోపలికి పంపొద్దని పైనుంచి చెప్పారమ్మా" అన్నాడు వాచ్‌మన్ తల వంచుకుని.

"కాగితం ఏమైనా ఇచ్చారా?"

"ఫోన్ చేసి చెప్పారు."

"అయితే మీ రిజిస్టరులో రాయండి. తొమ్మిదింటికి డ్యూటీకి వచ్చింది, పంపలేదు అని."

అతను నీళ్లు నమిలాడు. "నా ఉద్యోగం మీదికొస్తుందేమోనమ్మా."

ఆ మాట ఆమెకు అర్థమైంది. ఈ నాలుగు నెలల్లో అంతగా అర్థమైన మాట ఇంకోటి లేదు. "సరే, నేనే రాస్తాను. మీరు చూస్తుంటే చాలు" అని రాసింది. అతను రిజిస్టరు తన వైపు తిప్పుకుని రెండుసార్లు చదివాడు. చివరికి కింద టైము వేసి, తన సంతకం కూడా పెట్టాడు. వరసగా ఐదు రోజులు ఇదే జరిగింది. ఐదు రోజులూ ఆమె ఆ పేజీని ఫోన్‌లో ఫోటో తీసుకుంది.

కార్మిక శాఖ అధికారిణి ఆ ఫోటోలూ, వెనక్కి వచ్చిన కవర్లూ చూసి విసుక్కుంది. "ఇన్నాళ్లూ ఏం చేశారమ్మా? ముందే రావాల్సింది."

"వచ్చానండీ. తీసేసినట్టు కాగితమేదని మీవాళ్లే తిప్పి పంపారు."

అధికారిణి కేసు రాసుకుంది. రెండు వాయిదాలకు కంపెనీ తరఫున ఎవరూ రాలేదు. మూడోసారి హెచ్చార్ మేనేజరు వచ్చి కవరు ఇచ్చాడు. ఉద్యోగం నుంచి తొలగించడమైనది అని ఉంది. చట్టప్రకారం రావాల్సిన పరిహారం చెక్కు కూడా ఉంది. బయట మెట్ల మీద ఆమెను దాటుతూ ఆగాడు. నవ్వు లేకపోతే మనిషి బాగా అలిసినట్టు కనబడుతున్నాడు.

"ఇప్పుడు సంతోషమేనా మేడమ్?"

"కాదండీ. నేను అడిగింది నా పని."

సంగతి తెలిసి రంగుల బాబాయి తన ఉత్తరం నకలు పట్టుకుని అదే ఆఫీసుకు వెళ్లాడు. సొంత దస్తూరీతో వ్యక్తిగత కారణాలని రాసిచ్చాక ఎవరూ ఏమీ చేయలేరన్నారట. అది ఆయనే ఫోన్‌ చేసి ఆమెకు చెప్పాడు.

రెండు నెలలకు, పాత తూకపు యంత్రాలు బాగుచేసే ఒక దుకాణంలో పని ఉందని తెలిసి వెళ్లింది. యజమాని ఒక యంత్రం చూపించి ఇందులో లోపమేమిటో చెప్పమన్నాడు. రెండు నిమిషాల్లో చెప్పింది. అతను మెచ్చుకోలుగా తలాడించి, ఫారం ముందుకు లాక్కున్నాడు.

"అక్కడెందుకు మానేశారమ్మా?"

"మానలేదండీ. తీసేశారు."

అతని పెన్ను ఆగింది. ఆమె జరిగిందంతా చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు.

"మానేశానని చెప్పుండాల్సిందమ్మా. తీసేశారంటే ఎవరైనా వెనకాడతారు."

"మీరూ వెనకాడుతున్నారా?"

"అబ్బే, అలాగని కాదు. చూసి చెప్తాం."

పదకొండు రోజులకు ఫోన్ చేశాడు. వారానికి మూడు రోజులే, జీతం కూడా తక్కువే అన్నాడు. ఆమె ఒప్పుకుంది. పని తెలిసిన మనిషి కాబట్టి అక్కడి బల్లకు అలవాటు పడటానికి ఎంతోసేపు పట్టలేదు. కానీ ఆ పదకొండు రోజులూ ఒక్కటే ఆలోచన చెవిలో జోరీగలా తిరిగింది. తీసేశారని ఎంతో పోరాడి కాగితం మీదికి తెచ్చుకున్న నిజాన్ని ఇప్పుడు దాచుకోమంటున్నారు. ఆ మంటను ఎవరి మీద చూపించాలో మాత్రం ఆమెకు ఇప్పటికీ తెలియలేదు.