ఆమెన్ తరవాత

"టీ ఇవాళ కాస్త పలచబడినట్టుందే" అని భర్త ముందు గదిలోంచి అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఆయనకు కోపం రాదు. వాన పడేలా ఉందని అన్నట్టే అన్నారు, అని దినపత్రిక తెరిచారు.

శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును గురించి గంటకు పైగా గంభీరంగా చర్చించిన పెద్దమనుషులు అప్పుడే వెళ్లిపోయారు. వారు తాగిన కప్పులు మాత్రం కుర్చీల కింద, కిటికీ గట్టు మీద, పాటల పుస్తకాల పక్కన ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె పళ్లెం పట్టుకుని ఒక్కొక్కటిగా ఏరుకుంది. ఆనాటి చర్చలో ఆమె చెవిని పడినవి మొదటి వాక్యమూ చివరి వాక్యమూ మాత్రమే. నడుమ పాలు పొంగాయి.

ఆయన సంఘ పెద్ద. ప్రతి గురువారం సాయంత్రం పురుషుల వాక్యపఠనం వారి ఇంట్లోనే జరుగుతుంది. తాగుడు ఎరుగని మనిషి, గొంతు పెంచని మనిషి, జీతం తెచ్చి భార్య చేతిలో పెట్టే మనిషి. ఇలాంటి భర్త దొరికినందుకు పొద్దున లేచి స్తోత్రం చెప్పుకోవాలని బంధువులు ఆమెకు తరచు గుర్తు చేసేవారు. ఆమె చెప్పుకునేది కూడా. ఆసుపత్రిలో రోగుల పేర్లు నమోదు చేసే కిటికీ దగ్గర ఆమె ఉద్యోగం. అక్కడ కూడా పైనుంచి ఎవరైనా అతిథులు వస్తే అధికారి ఆమెనే పిలిచి, "కప్పులూ సాసర్లూ మీరే చూడండమ్మా, ఆడచెయ్యి పడితే ఆ అందమే వేరు" అనేవారు. ఆమె కిటికీ మూసి వెళ్లేది. బయట వరసలో నిలబడ్డవారు ఆమెను తిట్టుకునేవారు.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉండేది. బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరికీ, విశ్వాసంలో తమకంటే ముందు నడిచినవారు ఒకరు తోడుగా ఉండాలి. వారానికొకసారి కలిసి కూర్చుని వాక్యం చదువుకోవాలి, ఒకరి బరువు ఒకరు వినాలి, కలిసి ప్రార్థించాలి. దీన్ని వారు తోడు నడవడం అనేవారు. మగవారిలో ఈ పద్ధతి చక్కగా సాగింది. ఆడవారిలో దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. తీరిక లేక అదే అడుగంటింది. మగవారి తోడు సవ్యంగా సాగడానికి ఎవరో ఒకరు పొయ్యి దగ్గర ఉండాలి కదా.

ఒక గురువారం సంఘ భవనం తాళాలు ఇచ్చిపోదామని టైపు టీచరుగారు వచ్చారు. ఆవిడ ఒకప్పుడు టైపు నేర్పే బడి నడిపారు; పెళ్లి చేసుకోలేదు; సంఘంలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడంటే కాస్త జంకు. తాళాలు ముందు గదిలో ఇచ్చేసి, కూర్చోమన్న కుర్చీలో కూర్చోకుండా నేరుగా వంటింట్లోకి వచ్చి పీట లాక్కున్నారు.

"నీకు తోడెవరమ్మాయ్?"

"నాకేంటి టీచరుగారూ, మావారున్నారుగా."

"ఆయన నీ మొగుడు. నేనడిగింది తోడు సంగతి."

ఆమె నవ్వేసి, టీ వడగట్టే జల్లెడ కోసం వెతికింది. టీచరుగారు నవ్వలేదు. శనివారం మధ్యాహ్నం ఇంటికి రమ్మని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

భర్త అడ్డు చెప్పలేదు. వెళ్లు, మంచిదే, పెద్దావిడకు కూరలు తరిగిపెట్టే మనిషి కావాలేమో అన్నారు. అత్తగారే మూతి విరిచారు. "ఇక్కడ కూచుంటే వినపడదా దేవుడికి? ఆవిడింటికి ఏవన్నా నిచ్చెన వేసుకుని దిగుతున్నాడా?"

మొదటి శనివారం టీచరుగారు ఆమెను ప్రార్థన చేయమన్నారు. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, మహోన్నతుడవైన తండ్రీ అని మొదలుపెట్టింది. ధూళిని బూడిదను పోలినవారమైన మేము ఈ సాయంకాల ఘడియలో నీ సన్నిధికి చేరియున్నాము అంటూ ధారగా సాగి, ఎక్కడా తడబడకుండా ముగించింది. బాగా చేశాననే అనుకుంది.

"బాగుంది" అన్నారు టీచరుగారు. "ఇప్పుడు మిట్టమధ్యాహ్నం."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"నా బడిలో నేను గోడవైపు తిరిగి కూచునేదాన్ని. చప్పుడు వింటే చాలు, మిషన్ మీద ఏ పిల్ల ఉందో చెప్పేదాన్ని. ఇది నీ చప్పుడు కాదమ్మాయ్, మీ ఆయనది. ఆయన దగ్గే చోట కూడా నువ్వు ఆగావు. ఇప్పుడు నీది వినిపించు."

ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది. నాది అంటే ఏది? పుట్టింట్లో నాన్న ప్రార్థన చేసేవారు, అత్తవారింట్లో మామగారు చేసేవారు, ఆయన పోయాక భర్త చేస్తున్నారు. తనకు మిగిలింది చివర్లో ఆమెన్ అనడమే. ఆ ఆమెన్ అనేటప్పుడు కూడా సగం మనసు పొయ్యి మీద ఉండేది. ఇన్నేళ్లుగా దేవుడితో మాట్లాడుతున్నాననే అనుకుంది. మాట్లాడింది మాత్రం అరువు తెచ్చుకున్న గొంతుతో. మరి దేవుడు ఎవరని అనుకుని వింటున్నాడు? ఈ ఇంట్లో మగగొంతు ఒక్కటే ఉందనుకున్నాడా? నవ్వు రాబోయి ఆగింది. నోటికి మాట రాలేదు. టీచరుగారు ఆమెన్ అని లేచి, ఆమె ముందు మంచినీళ్లు పెట్టారు.

ఆ తరవాతి శనివారాలూ అలాగే గడిచాయి. వాక్యం చదివేవారు, టీచరుగారు ప్రశ్న అడిగేవారే కాని జవాబు చెప్పేవారు కాదు. ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి మౌనం. ఇంట్లో వంకాయలు పురుగు పట్టినట్టు, తన లోపల మాటలన్నీ పుచ్చిపోయాయేమోనని ఆమెకు భయం వేసింది. మానేద్దామని కూడా అనుకుంది. ఒకనాడు అధికారి అతిథుల కోసం కిటికీ మూయించగా, వరసలో ఉన్న ముసలాయన ఒకరు సొమ్మసిల్లారు. ఆ వారం ఆమె వచ్చి కూర్చుంది, కొంగు సర్దుకోవడం కూడా మరిచిపోయింది.

"ప్రభువా, నాకు అలసటగా ఉంది" అంది. ఇంకేదో అనబోయింది. ఇంకేమీ లేదు.

"ఆమెన్" అన్నారు టీచరుగారు.

"ఇంతేనా టీచరుగారూ?"

"ఇంత కోసమే కదా ఇన్నాళ్లూ కూచున్నాం."

ఆమె ఏడ్చింది. అది దుఃఖం కాదని ఏడుస్తున్నప్పుడే ఆమెకు తెలుసు. ఎప్పుడో తాళం వేసిన గది తలుపు తీస్తే లోపలి సామాన్లు చెక్కు చెదరకుండా కనిపించినప్పటి తేలిక అది.

గొంతు పెగిలాక శనివారాలు ఫిర్యాదులతో నిండాయి. ప్రభువా, మావారు ఇలా అన్నారు. ప్రభువా, మా అత్తగారు అలా అన్నారు. కొన్నాళ్లు ఓర్చుకుని టీచరుగారు ఒకరోజు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పారు. "ప్రార్థనలో రాళ్లు విసరకు. మనిషికి చెప్పాల్సింది మనిషికి చెప్పు, మొహం చూసి, మెల్లగా. దేవుడి మాట దేవుడికి చెప్పు. రెండూ కలిపి రుబ్బితే ఎవరికీ చేరదు." ఆమెకు రోషం వచ్చింది, ఆ రాత్రి భోజనం సయించలేదు. అయినా సోమవారం అధికారి గదికి వెళ్లి, ఇక మీదట అతిథుల టీ తాను చూడలేనని, కిటికీ దగ్గర జనం ఆగిపోతున్నారని చెప్పింది. ఆయన కాగితంలోంచి తలెత్తి, "ఓ, అలాగా, సరే" అన్నారు. అంతే. ఇన్నేళ్ల బరువు రెండు ముక్కల్లో దిగిపోయింది. సంతోషించాలో, ఇంత సులువని ముందే తెలియనందుకు ఉడుక్కోవాలో తోచక, ఆమె కిటికీ తెరిచి తరవాతివారిని పిలిచింది.

టీచరుగారు కూడా తనది దాచుకోలేదు. ఒక శనివారం తన ఎడమ చెవి వినడం మానేస్తోందని, భయంగా ఉందని, ప్రార్థించమని ఆమెను అడిగారు. గురువు శిష్యురాలిని అడగడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆవిడ చేతులు పట్టుకుని ప్రార్థించింది. నేర్పినావిడను నేర్చుకున్నదాని పక్కన కూర్చోబెట్టినందుకు దేవుడికి వందనాలు చెప్పింది.

ఆ తరవాతే కొత్త అమ్మాయి సంగతి వచ్చింది. బట్టల దుకాణంలో పని, హాస్టల్లో ఉంటుంది, బాప్తిస్మం తీసుకున్నాక ఇంటివాళ్లు ఫోన్ కూడా ఎత్తడం లేదు. తోడు కావాలి. తోడు లేకపోతే నిలబడడం కష్టమని పాస్టరుగారికీ తెలుసు. టీచరుగారు ఆమె వైపు చూశారు. "నేను కాదు, నువ్వు. నాకు వినపడని రోజుకి వినేవాళ్లు ఒకళ్లుండాలి." చిక్కల్లా ఒక్కటే. ఆ అమ్మాయికి సెలవు గురువారం మాత్రమే, అదీ సాయంత్రాలే వీలు.

ఆమె సంకోచించింది. ఆరాధన అయ్యాక అమ్మాయిని పక్కకు పిలిచి, ఇంట్లో గురువారాలు కుదరవని, మరెప్పుడైనా చూద్దామని చెప్పింది.

"పర్లేదక్కా. మీకు ఇంట్లో పనుంటుంది కదా" అంది ఆ అమ్మాయి, నవ్వుతూ, చెప్పుల కోసం చూసుకుంటూ.

ఆ పర్లేదు ఆమెను గేటు దాకా వెంటాడింది. ఆ చప్పుడు ఎవరిదో ఆమెకు తెలుసు. పెళ్లయిన కొత్తలో, పై చదువు ఇప్పుడెందుకని మామగారు అన్న రోజున తాను అన్నది సరిగ్గా అలాగే, అంత నవ్వుతూనే. గేటు దగ్గర్నుంచి వెనక్కి నడిచి, ఈ గురువారం నుంచే కూర్చుందామని అమ్మాయితో చెప్పింది.

భోజనాల దగ్గర భర్తకు చెప్పింది, ఆయన మొహం చూసి, మెల్లగా. గురువారం సాయంత్రాలు తాను ఇంట్లో ఉండనని, ఒక అమ్మాయికి తోడు నడుస్తున్నానని.

"అదేంటి? పెద్దలంతా వస్తారుగా. వాళ్లకేం చెప్పమంటావు?"

"నిజమే చెప్పండి."

"టీ సంగతి?"

"పొయ్యి మీరు చూసిందేగా, ఎక్కడికీ పోదు."

అత్తగారు అన్నం కలుపుకోవడం ఆపి ఇద్దరినీ చూశారు. భోజనాలయ్యాక రోజూలాగే ముగ్గురూ కుటుంబ ప్రార్థనకు కూర్చున్నారు. ఆయన గొంతు సవరించుకుని, మహోన్నతుడా, ఈ గృహములోనివారికి విధేయత గల హృదయమును, తగ్గింపు స్వభావమును అనుగ్రహించుమని కాస్త ఒత్తి పలికారు. ఆ రాయి ఎటు వచ్చిందో ఆమెకు తెలిసింది. తగిలింది కూడా. ఒకప్పుడైతే ఆ రాత్రంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

ఆయన ఆమెన్ అన్నారు. ఆ ఇంట్లో ఆ మాట తరవాత ఎవరూ మాట్లాడరు. లైటు ఆర్పి లేవడమే. ఆమె లేవలేదు. కళ్లు మూసుకునే ఉంది.

"ప్రభువా, ఇన్నేళ్లూ నేను నీతో మాట్లాడింది ఈయన్ని వినే. అందుకు వందనాలు. నా గొంతు నాకు వెతికిచ్చినందుకు టీచరుగారిని బట్టి వందనాలు. ఆవిడ చెవి కాపాడు. గురువారం నాకు భయంగా ఉంది. ఆ పిల్లకి నేనేం చెప్పగలను? వినడం నేర్పించు చాలు. ఆమెన్."

ఆమె కళ్లు తెరిచేసరికి భర్త తననే చూస్తున్నారు. కోపంగా కాదు, తన ఇంట్లో ఇంకొక గది ఉందని ఎవరో చెబితే చూసే చూపు. ఆయన లేవబోతూ కుర్చీ చేతి మీద చెయ్యి వేశారు.

"కూచోరా" అన్నారు అత్తగారు. ముడుచుకున్న వేళ్లను ఒళ్లో చేర్చి, కొంగు తలమీదికి లాక్కుని, తాను ఆ ఇంటికి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఎవరూ వినని గొంతుతో మొదలుపెట్టారు. "ప్రభువా, నేనూ ఒక మాట చెప్పుకోవాలి."