టీచరుకు ఒంటికొచ్చింది

ఆ శిశు సంరక్షణ కేంద్రంలో రెండేళ్ళ పిల్లల గది ఆమెది. పిల్లలు ఆమెను కథల టీచరు అంటారు. ఎవరికి ఒంటికొస్తోందో మొహం చూసి చెప్పగలదు. ఒకడు కాళ్ళు మెలివేసుకుంటాడు, ఒకతి ఉన్నట్టుండి మాటలు మానేస్తుంది. వెంటనే కథ ఆపేసి, "పద నాన్నా, ఆపుకోకూడదు, కడుపునొప్పి వస్తుంది" అంటూ గది మూలనున్న బుల్లి బాత్రూమ్‌కు తీసుకెళ్తుంది.

మరి ఆమె సంగతి? ఆ బుల్లి బాత్రూమ్‌కు తలుపే లేదు, బేసిన్లు ఆమె మోకాళ్ళ దాకా కూడా రావు. పెద్దవాళ్ళది వసారా చివర, ఆఫీసు గది పక్కన ఉంది. పెద్దవాళ్ళెవరూ లేకుండా పిల్లల్ని క్షణం కూడా వదలకూడదన్నది అక్కడి రూలు. ఆ రూలు మీద ఆమెకేం కోపం లేదు. కన్ను మూసి తెరిచేలోగా అల్మరా ఎక్కేసే రకాలు వాళ్ళు. ఇదివరకు ఆయమ్మ ఉండేది, కాసేపు చూస్తూ ఉండేది. ఆయమ్మ మానేశాక, కేంద్రం నడిపే మేడమ్ ఆ చోట్లో ఎవరినీ పెట్టలేదు. ఎంచక్కా ఓ జీతం మిగిలిపోయింది కదా అనుకుంది కాబోలు.

అడిగితే మేడమ్ తీయగా సెలవిచ్చింది. "మీరు టీచర్లా? తల్లులు! తల్లికి బ్రేక్ ఏమిటమ్మా?"

తల్లులట! అంత తల్లి ప్రేమ ఉంటే తనే వచ్చి ఓ పూట కూర్చోవచ్చుగా!

కథల టీచరు మంచినీళ్ళు తాగడం మానేసింది. దాంతో మూత్రంలో మంట, చలిజ్వరం. "మళ్ళీ ఇలా ఆపుకున్నావంటే కిడ్నీలకే ఎసరు" అని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఇంట్లో అత్తగారు నడుముకు వేడినీళ్ళ సంచి కడుతూ శాపనార్థాలు లంకించుకుంది.

"ఊళ్ళోవాళ్ళ పిల్లల ముడ్లు కడిగే పిల్లకి, తను ఒంటికి పోయే దిక్కు లేదా? వాళ్ళ మొహం మండ! నువ్వైనా నోరు తెరిచి అడగవేమే?"

"అడిగాను అత్తయ్యా. చెవిన పెడితేగా!"

జ్వరం తగ్గి కేంద్రానికి వచ్చిన రోజున, పొద్దెక్కేసరికి మళ్ళీ మంట మొదలైంది. గోడకున్న ఫోను తీసింది.

"మేడమ్, ఒక్క రెండు నిమిషాలు ఎవరినైనా పంపండి. బాత్రూమ్‌కు వెళ్ళాలి."

"కొత్త పేరెంట్స్ వచ్చారు. కాస్త సర్దుకో తల్లీ."

కాసేపు సర్దుకుంది. పంటిబిగువున ఓ కథ చెప్పింది. కథలో కోతి చెట్టెక్కింది గానీ, దాన్ని దింపే ఓపిక ఆమెకు లేకపోయింది. మళ్ళీ ఫోను చేసింది.

"ఏమిటీ గోల? ఆపుకోలేకపోవడానికి నువ్వేమైనా చిన్నపిల్లవా?" అని ఠక్కున పెట్టేసింది మేడమ్.

కథల టీచరుకు ఒళ్ళు మండిపోయింది. చిన్నపిల్ల అయితే బతికిపోయేది! చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడానికి ఓ టీచరుండేది!

షికారుకు తిప్పేటప్పుడు పిల్లలు వరసగా పట్టుకునే రంగుల తాడు తీసింది. పిల్లలందరి చేతికీ అందించి, వసారా పొడుగునా నడిపించుకుంటూ నేరుగా ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళింది.

లోపల మేడమ్ ఓ జంటకు నవ్వుతూ చెబుతోంది. "మా దగ్గర పిల్లలు క్షణం కూడా ఒంటరిగా ఉండరండీ."

"ఉండకూడదనే తెచ్చాను," అంటూ తాడు కొస మేడమ్ చేతిలో పెట్టింది. "చూస్తూ ఉండండి. నాకు ఒంటికొస్తోంది."

రోజంతా పిల్లలతో అనే మాట, కొత్త మనుషుల ముందు అలాగే వచ్చేసింది. వస్తే వచ్చింది. సిగ్గుపడాల్సింది తనా?

పక్కనున్న బాత్రూమ్‌లో దూరి, తలుపు గడియ పెట్టుకుని కూర్చుంది. మంటకు ఏడుపొచ్చింది, కసికొద్దీ కూడా ఏడ్చింది. అవతల కుర్చీ పడింది, ఎవడో గుక్కపట్టాడు, మేడమ్ అరుస్తోంది. ఆమె మాత్రం తొందరపడలేదు.

బయటికొచ్చేసరికి ఆ కొత్తావిడ తాడు పట్టుకుని నిలబడి ఉంది. మేడమ్ మొహం మాడిపోయి ఉంది.

"అరగంట ఆగలేవూ? నా పరువు తీశావు!"

"మీ పరువు ఇన్నాళ్ళూ నా ఒంట్లోనే దాచాను మేడమ్. ఇక పట్టలేదు."

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

కొత్తావిడ కథల టీచరు వైపు తిరిగి నెమ్మదిగా అడిగింది. "రోజూ ఇంతేనా అమ్మా?"

"ఇంతేనండీ."

గుమ్మంలోంచి మరో గొంతు వినిపించింది. పసిపాపల గది చూసే ఆవిడ, అందరూ ఉయ్యాలక్క అంటారు, చంకకొకరు చొప్పున తన గదిలోని ఇద్దరు పాపల్నీ ఎత్తుకుని నిలబడింది. ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి.

"ఈమె రాకపోతే నేనూ రాను మేడమ్. ముందు వీళ్ళను పట్టుకోండి, నేనూ పోవాలి," అంటూ పాపల్ని మేడమ్ ఒళ్ళో కుదేసి బాత్రూమ్‌లో దూరింది.

పాపలిద్దరూ ఒకేసారి రాగం అందుకున్నారు. కథల టీచరు కొత్తావిడ దగ్గర తాడు తీసుకుని తన పిల్లలతో గదికి బయల్దేరింది.

"ఎవరక్కడ? ఎవరైనా రండి!" అని మేడమ్ వెనకనుంచి కేకలు పెట్టింది.

రావడానికి ఎవరున్నారు గనక?