నాలుగో పేరు

కమలకుమారి వైట్‌బోర్డు మీద వంశవృక్షం గీస్తోంది. కుడిభుజం లాగితే మార్కరు ఎడమచేతికి మార్చుకుంది. నార్త్ యార్క్‌లోని ఆ కాలేజీలో పదకొండేళ్లుగా ఆమె కాంట్రాక్టు లెక్చరర్. మొదట్లో క్లాసుకు పదిహేనుమంది ఉండేవాళ్లు. ఇప్పుడు డెబ్భై మంది, సగం తెలుగువాళ్లే. ఎటోబికో గోదాముల్లో షిఫ్టు దిగి, ఇనుప ముక్కు బూట్లతోనే వచ్చి వెనక వరసల్లో నిద్రపోతారు.

బోర్డు మీది ఆవిడ పేరు హెడ్విగ్. తొమ్మిదొందల ఏళ్ల కిందటి ఒక జర్మన్ ప్రభువు కూతురు. అన్న చేస్తున్న యుద్ధం ఆగాలని పదమూడో ఏట ఆమెను శత్రువుకే ఇచ్చి పెళ్లి చేశారు. పన్నెండేళ్లకు అన్నే మాట తప్పి ఆమె భర్తను చంపాడు. ఆమె పుట్టింటికి వెళ్లనంది. హంతకుడి చెల్లెలివంటూ అత్తింటివాళ్లు తలుపు మూశారు. ఈ కథ మీద థీసిస్ రాయడానికి కమలకుమారికి తొమ్మిదేళ్లు పట్టింది. "చచ్చినవాళ్ల బంధుత్వాలు తప్ప బతికున్నవాళ్లు నీకక్కర్లేదు" అని ఆమె అన్న వీరభద్రం ఫోన్లో అని ఆరేళ్లయింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

హెడ్విగ్‌కు నలుగురు పిల్లలని కమలకుమారి క్లాసుకు చెప్పింది. ఒట్టో, డీట్రిచ్, ఉడో అని రాస్తుండగా ముందు వరసలోంచి దీక్షిత్ లేచాడు. హెడ్విగ్‌కు సంతానం లేదని ఎక్కడినుంచో ఎత్తి రాసిన అతని వ్యాసానికి ఆమె సున్నా వేసింది.

"ఈ సబ్జెక్ట్ పోతే నా స్టడీ పర్మిట్ పోతది మేడమ్. ఎప్పుడో చచ్చినామె కోసం నన్ను వెనక్కి పంపిస్తరా?"

ఎవరో నవ్వారు. ఇంకెవరో బల్ల చరిచారు. ఆమె మార్కరుకు మూత పెట్టి, క్లాసు అయిపోయిందంది.

కోఆర్డినేటర్ విశ్వేశ్వరరావు ఆమెను కూర్చోమనలేదు. బల్లమీద ఆమె మీద విద్యార్థులిచ్చిన ఫిర్యాదు ఉంది. నలభై సంతకాల్లో మొదటిది దీక్షిత్‌ది. వచ్చే టర్ము నుంచి ఈ కోర్సే ఉండదన్నాడు. ఆమె కాంట్రాక్టు ఇవాళ్టితో ఆఖరు. పోతూ పోతూ ఆ కుర్రాణ్ణి పాస్ చేయమన్నాడు.

"మీదెలాగూ పోయింది కదండీ. వాడిదైనా మిగలనివ్వండి."

ఆమె దీక్షిత్‌ను తన గదికి పిలిచి తెల్లకాగితం ఇచ్చింది. ఫోను పక్కన పెట్టి హెడ్విగ్ గురించి రాయమంది, నలుగురు పిల్లల పేర్లతో సహా.

అతను దవడ బిగించి రాశాడు. అన్న, భర్త, మూసిన తలుపు, ముగ్గురు కొడుకులు. అక్కడ పెన్ను ఆగింది.

"నాలుగోది మీరు చెప్పలేదు."

"ఏదో ఒక జర్మన్ పేరు పెట్టు."

"తెల్వనిది ఎట్ల రాస్తా?"

ఆమె కాగితం లాక్కుని పాస్ మార్కు వేసింది.

"నాలుగోది ఆడపిల్ల. తల్లి మఠానికి భూమి రాసిచ్చిన దస్తావేజులో కొడుకుల పేర్లున్నాయి. కూతురని ఉంది, పేరు లేదు. ఎవరికీ తెలీదు."

దీక్షిత్ థాంక్స్ కూడా చెప్పకుండా బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

కమలకుమారి మార్కు కంప్యూటర్లో ఎక్కించింది. తాళంచెవి బల్లమీద పెట్టి, స్నో బూట్లు తొడుక్కుని, ఎవరికీ చెప్పకుండా మంచులోకి నడిచింది. బల్ల కింద ఆమె గదిలో వేసుకునే నల్లచెప్పులు, మడమలు ఒకవైపుకు అరిగి, గోడకేసి తిరిగి ఉన్నాయి.