జాడింపు నీళ్లు

ఫ్యాక్టరీల నడుమ ఉన్న గడ్డపోతారంలో తెల్లబట్ట కట్టి తిరగడమంటే మామూలు మాట కాదు. బోరు నీళ్లు పడేటప్పుడు తేటగానే పడతాయి. బకెట్లో కాసేపు నిలిచాయంటే పసుపు కలిపినట్టు రంగు తిరుగుతాయి. ఆ నీళ్లలో నాలుగుసార్లు ఉతికిన తెల్లబట్ట ఇల్లు తుడవడానికి తప్ప దేనికీ పనికిరాదు. అందుకే ఊళ్లో మగాళ్లు ఎప్పుడో గళ్ల లుంగీల్లోకి, నల్లప్యాంట్లలోకి దిగిపోయారు.

చిన్నరాములు మాత్రం దిగలేదు. తాతల నాటి పొలం ఫ్యాక్టరీ గోడల లోపలికి పోయినా, కొడుకు నరేష్ అదే గోడ లోపల షిఫ్టు డ్యూటీ చేస్తున్నా, ఆయన మల్లెపూవులాంటి పంచె కట్టుకునే గడప దాటేవాడు. పెళ్లిలోనో పంచాయితీలోనో ఎవరైనా "ఏం సబ్బు వాడ్తవే రాములు?" అని అడిగితే మీసం సర్దుకుని "అంత మా ఇంటిదాని చేతిల ఉన్నది" అనేవాడు. ఆ ముక్క ఇంటిదాని ముందు ఒక్కనాడూ అనలేదు. అంచు దగ్గర కాస్త పసుపు కనబడిందా, పంచె తీసి వాకిట్లోకి విసిరేసేవాడు. "గిది కట్టుకొని నలుగుట్ల ఎట్ల కూసోవాలె?" అని గొంతు లేపేవాడు. నర్సింహమ్మ దాన్ని ఏరుకుని పెరట్లోకి పోయేది.

ఆ ఇంట్లో ఇంకో ముచ్చట ఉండేది. తాగడానికి వాటర్ ప్లాంటు నుంచి క్యాన్లు వచ్చేవి. అందరూ ఆ నీళ్లే తాగేవారు, నర్సింహమ్మ తప్ప. "నాకు గా నీళ్లు చప్పగుంటయి. బోరు నీళ్లే నోటికి వడ్తయి" అనేది. వచ్చిన చుట్టాలందరికీ చిన్నరాములు ఈ సంగతి చెప్పి నవ్వేవాడు. "మా ఇంటిదాని నాలిక మీద తోలు మందం" అనేవాడు. ఆమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

కాళ్లు వాచి, మొహం ఉబ్బిన ఆమెను సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయేసరికి కిడ్నీలు రెండూ పాడయ్యాయని తేలింది. నీళ్ల వల్లనేనని డాక్టరు చెప్పలేదు, కాదని కూడా చెప్పలేదు. కొన్నాళ్లు డయాలిసిస్‌కు తిరిగి, ఎండాకాలం పోకముందే నర్సింహమ్మ పోయింది.

దినాల నాడు ఆమె తమ్ముడు మల్లేష్ బావకు బట్టలు పెట్టాడు. జరీ అంచు తెల్లపంచె, కండువా. భార్య పుట్టింటి నుంచి తనకొచ్చే ఆఖరి బట్ట అదేనని చిన్నరాములుకు తెలుసు. నెల మాసికానికి మళ్లీ ఆ పంచెతోనే ఆమె ఫొటో ముందు కూర్చోవాలని మనసులో పెట్టుకున్నాడు. అయితే దినాల నాడే దానికి పొయ్యి మసీ కుంకుమా అంటుకున్నాయి.

"నాకియ్యండ్రి మామయ్యా, నేను ఉతుకుత" అంది కోడలు అంకిత.

"మీ అత్తమ్మ ఎట్ల ఉతికేదో నీకు తెల్వది బిడ్డా" అన్నాడు. తనకు తెలిసినట్టు!

మాసికం రెండు రోజుల్లో ఉందనగా తానే పెరట్లో బండ దగ్గర కూర్చున్నాడు. సబ్బు రుద్దాడు, బ్రష్షు కొట్టాడు, చెయ్యి నొప్పి పుట్టేదాకా పిండాడు. ఆరేసరికి పంచె పసుపు తిరిగింది. నీలం కలిపిన నీళ్లలో ముంచితే ఆ పసుపు కాస్తా నాచురంగుకు వచ్చింది. ఇక లాభం లేదని కిరాణా దుకాణం నుంచి బ్లీచింగ్ పౌడరు తెచ్చి రాత్రంతా నానేశాడు. ఆ నీళ్లకూ బ్లీచింగుకూ పడదని ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు. మగాళ్లలో ఒక్కడికి తెలిస్తే ఒట్టు. పొద్దున తీసి చూస్తే పంచె నిండా తుప్పు మరకలు.

చిన్నరాములు దాన్ని ఒళ్లో పెట్టుకుని బండ మీద కూలబడ్డాడు. దినాల్లో అందరి ముందూ ఆగిన ఏడుపు అప్పుడు వచ్చింది. "ఎట్ల ఉతుకుతుంటివే నర్సిమ్మా, జెర నాకు చెప్పి పోకపోతివి" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అంకిత చాలాసేపు తలుపు దగ్గరే నిలబడింది. తరవాత వచ్చి పక్కన కూర్చుంది.

"మామయ్యా, ఒక మాట. చెప్పొద్దని అత్తమ్మ నాతోని ఒట్టేయించుకున్నది."

"ఏంది బిడ్డా?"

"సబ్బు ఏదైతేంది, ఆఖరుకు బోరు నీళ్లల్ల జాడిస్తే గిట్లనే అయితది. అత్తమ్మ క్యాను నీళ్లల్ల జాడించేది. తన వంతు తాగే నీళ్లు బిందెల వట్టి పెట్టి మీ పంచెలకు వోసేది."

"తన వంతా?" అన్నాడు చిన్నరాములు. అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. "మరి నోటికి చప్పగుంటయన్నది..."

"చప్పగ ఎందుకుంటయి మామయ్యా." అంది అంకిత. "ఇంకో క్యాను తెప్పిస్త అన్న నేను. వద్దన్నది. 'పంచెలకని తెలిస్తే మీ మామ కట్టుడే బంద్ జేస్తడు. ఉన్న పొలం పోయింది, గా పంచెన్న ఉండనీ' అన్నది."

చిన్నరాములు ఒళ్లోని పంచె వంక చూశాడు. వాకిట్లోకి విసిరేసిన పంచెలు గుర్తొచ్చాయి. చుట్టాల ముందు తానాడిన ఎగతాళి, ఆ ఎగతాళికి ఆమె నవ్వు గుర్తొచ్చాయి. తన బట్ట తెల్లగా ఉండడం కోసం ఆమె ఇన్నేళ్లూ ఆ పసుపు నీళ్లు తాగిందే, తాను ఒక్కపూటైనా ఎందుకని అడగలేదే అనుకున్నాడు.

"ఇటియ్యండ్రి, క్యాను నీళ్లల్ల జాడిస్త. కొంతన్న పోతది" అని అంకిత చెయ్యి చాపింది.

"వద్దు బిడ్డా" అని పంచె గట్టిగా పట్టుకున్నాడు. "ఇగ దీనికి ఒక్క చుక్క గూడ వొయ్యొద్దు."

మాసికం నాడు ఆ తుప్పు మరకల పంచె కట్టుకునే వచ్చి అందరి మధ్యా కూర్చున్నాడు. చుట్టాలు మొహాలు చూసుకున్నారు. మల్లేష్ ఉండబట్టలేక "ఏంది బావా, నేను వెట్టిన పంచె గిట్లయింది?" అన్నాడు.

"మీ అక్క లేదు గదనే" అన్నాడు చిన్నరాములు.

ఫొటో ముందు విస్తరి వేసి ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, గారెలు. పక్కన గ్లాసులో నరేష్ అలవాటు కొద్దీ బోరు నీళ్లు పెట్టాడు. అమ్మ తాగేవి అవే కదా అనుకున్నాడు పాపం. చిన్నరాములు ఆ గ్లాసు తీసుకుపోయి బయట పారబోసి, వంటింట్లోంచి కొత్త క్యాను ఈడ్చుకొచ్చి మూత తీశాడు.

"తాగు నర్సిమ్మా, కడుపు నిండ తాగు" అన్నాడు క్యాను వంచుతూ. "నా బట్టలకు ఇగ అక్కర లేదు."

గ్లాసు నిండి నీళ్లు విస్తరి మీదికి పొర్లాయి. ఆయన చెయ్యి ఆగలేదు. మల్లేష్ లేచి వచ్చి క్యాను పట్టుకున్నాడు.