తెల్ల బిళ్ళలు

మా అక్క కంపెనీ డాక్టరు బల్ల మీదే రక్తం కక్కింది. ఆ మహానుభావుడు అక్క మొహం చూడలేదు, మెడలో బిళ్ళ చూశాడు. "తెల్లగానే ఉందిగా. పనికి పో," అన్నాడు. నా ఒళ్ళు మండిపోయింది. కానీ ఏమనగలను? ఆ బిళ్ళ తెల్లగా ఉంచింది మేమే.

మూడేళ్ళ కిందట ఆకాశంలో ఇద్దరు మహాబలులు కొట్టుకున్నారు. గెలిచినవాడు ఎగిరిపోయాడు, ఓడినవాడు మా పేట మీద కూలాడు. వాడి నెత్తురు ఇంకిన మట్టిని కంట్రాక్టరు అమ్ముకుంటాడు, మేం తవ్విపోస్తాం. ఆ మట్టిలో విషం మా ఒంటినుంచి బయటివాళ్ళకి పాకుతుందని మమ్మల్ని గేటు దాటనివ్వరు. విషం తగిలితే బిళ్ళ నల్లబడుతుంది. నల్లబడితే ఆసుపత్రికి పంపాలని చట్టం. కంట్రాక్టరు మాత్రం వెనక కొట్టంలో తోసి తాళం వేస్తాడు. ఆ భయానికి గోతిలోకి దిగేముందు అందరం బిళ్ళలు తీసి షెడ్డులో మేకులకు తగిలించేవాళ్ళం. ఏం తెలివండీ మాది! మాకు రోగం లేదని మేమే సాక్ష్యం చెప్పుకున్నాం.

ఆ సాయంత్రం వంటపాకలో అన్నాను, "రేపట్నుంచి బిళ్ళలు మెడలోనే ఉండాలి."

"మతిపోయిందా? కొట్టంలోకి పోయిన నా తమ్ముడు తిరిగొచ్చాడా?" క్రేన్ నడిపే బాబాయి లేచాడు.

"ఒక్కడే కాబట్టి తోశాడు బాబాయ్. రెండొందల మందిమీ నల్లబడితే ఏ కొట్టంలో తోస్తాడు? తవ్వేదెవరు, వాడి బాబా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి నవ్వలేదు. మూలన అక్క దగ్గుతూనే ఉంది. చివరికి, "సరేలేవే. చస్తే అందరం కలిసే చద్దాం," అన్నాడు.

మర్నాడు బిళ్ళలతోనే దిగాం. మధ్యాహ్నానికి ఒక్కటీ తెల్లగా లేదు. పారలు పడేసి, అక్కని తడక మీద మోసుకుని గేటు దగ్గరికెళ్ళాం. అవతల కంట్రాక్టరు, వాడి వెనక పోలీసులు. కంచె సందులోంచి కొత్త తెల్ల బిళ్ళ ఒకటి నా ముందుకు చాపాడు.

"మీ అక్కని ఇప్పుడే ఆసుపత్రికి పంపిస్తా. మిగతావాళ్ళంతా ఇలాంటి కొత్త బిళ్ళలు వేసుకుని గోతిలోకి పోండి. ముందు నువ్వు తీసుకో."

సిగ్గు విడిచి చెబుతున్నా, చెయ్యి చాచాను. నాకు అక్క బతకాలి, అంతే.

అక్క లేవలేక లేచి నా మణికట్టు పట్టుకుంది. "దించవే చెయ్యి. నన్నొక్కదాన్నే పంపితే, రేపు నువ్వు రక్తం కక్కినప్పుడు నిన్నెవరు పంపుతారే?"

దించాను. ఏడుపు ఆగలేదు. బాబాయి అక్క పక్కన చతికిలబడ్డాడు. చూస్తుండగానే అందరూ కూర్చున్నారు.

"పట్టుకుపోండి వీళ్ళని!" కంట్రాక్టరు గావుకేక పెట్టాడు.

పట్టుకుపోవాలంటే గేటు తియ్యాలిగా. మా నల్ల బిళ్ళలు చూసి, విషం తమకీ పాకుతుందని ఒక్క పోలీసు కూడా తాళం ముట్టుకోలేదు.

"రండయ్యా, గేటు తీసి పట్టుకుపోండి!" అని అరిచాం, రెండొందల మందిమీ.